నేను నిలబడ్డ మూల

డిసెంబరు 8, సోమవారం

ఈ టేపు మా మనవడు నోలన్‌కి కాదు. వాడికి పంపేది వేరే ఉంది. అందులో పెరట్లో మంచు గురించి, కుక్క గురించి, చర్చిలో ఎవరు లావయ్యారో దాని గురించి చెబుతాను. ఇది నాకు. నాకు చదవడం రాదు, రాయడం రాదు. అంకెలు మాత్రం వచ్చు. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చాక ఇప్పుడు నేర్చుకునే ఓపికా లేదు, రాదని సిగ్గూ లేదు. కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే ఎవరిమీదో విరుచుకుపడతాను. అందుకని ఈ టేపు రికార్డరు పెట్టెమీద పడుతున్నాను.

పొద్దున రేడియోలో చెప్పారు. ఇరాక్‌లో రోడ్డు పక్కన బాంబు పేలి పెట్రోలు ట్యాంకరొకటి తగలబడిందట. మా నోలన్ నడిపేది పెట్రోలు ట్యాంకరే. పేరు చెప్పలేదు. పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉన్నాను, పాలు పొంగి పోయాయి. సాయంత్రం చెప్పారు, చనిపోయింది టెక్సస్ కుర్రాడట. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నందుకు నన్నెవరూ తప్పు పట్టక్కర్లేదు. ఆ కుర్రాడి అమ్మమ్మ కూడా మొన్నటిదాకా ఇలాగే అనుకుని ఉంటుంది.

మా అమ్మాయి పోయాక వాణ్ని పెంచింది నేను. నాకు వాడు తప్ప ఎవరూ లేరు. వాడు ఆ బండి దిగాలి. ఇంటికి వస్తే సరేసరి, రాకపోయినా కనీసం ఆ బండి దిగాలి.

జనవరి పందొమ్మిదిన కాకస్. అధ్యక్ష పదవికి మా పార్టీ నుంచి ఎవరు పోటీ చేయాలన్నది దేశంలో అందరికంటే ముందు మా అయోవాలోనే తేలుతుంది. మామూలప్పుడు మా ఊరు ఏ దిక్కున ఉందో తెలియని పెద్దమనుషులు చలికాలం వచ్చేసరికి మా గుమ్మాల ముందు బూట్ల మంచు దులుపుకుంటూ నిలబడతారు. ఇన్నేళ్లూ ఊరికే పోయి నిలబడి వచ్చాను. ఈసారి ఊరికే నిలబడను. మా వాణ్ని ఎవరు దించుతారో వాళ్ల మూలన నిలబడతాను.

డిసెంబరు 11, గురువారం

అధ్యక్ష పదవికి నిలబడాలనుకుంటున్న సెనేటర్ థార్న్‌బీ తరఫున ఒక బక్కపిల్ల వచ్చింది. పేరు పెయిజ్. ఎక్కడో తూర్పు రాష్ట్రంలో కాలేజీ పూర్తి చేసి, మా ఊళ్లో ఇనప సామాన్ల కొట్టు మీది గదిలో దిగి, ఆయన కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది. కాళ్లకి గుడ్డబూట్లు. ఈ మంచులో! ముందు నోలన్ పాత బూట్లు తొడిగించాను, తర్వాతే మాట్లాడనిచ్చాను.

"ఆల్బీనా గారూ, ఈ ఎన్నికల్లో మీకు ముఖ్యమైన అంశం ఏమిటండీ?" అంది.

"నా అంశానికి ఇరవై రెండేళ్లమ్మా. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉంటుంది" అన్నాను.

ఏదో కాగితం ఇచ్చి చదవమంది. కళ్లద్దాలు కనబడటం లేదు, నువ్వే చదవమన్నాను. అద్దాలు నా నెత్తిమీదే ఉన్నాయి. ఆ పిల్ల చూసింది. చూసి కూడా ఏమీ అనకుండా చదివింది. అక్కడ నాకు నచ్చింది. కాగితంలో ఉన్నది ఒక్కటీ నచ్చలేదు.

సెనేటర్ అక్కడ వాషింగ్టన్‌లో సైన్యం సంగతులు చూసే సంఘంలో ఉన్నారట. అది మాత్రం రెండుసార్లు చదివించుకున్నాను.

డిసెంబరు 13, శనివారం

చర్చి వంటగదిలో వ్లాస్టా, నేను పండగ అమ్మకానికి కోలాచ్‌లు, అవే మా తియ్య రొట్టెలు, చేశాం. పిండి నాది, నడుమ గసగసాల ముద్ద పెట్టే పని దానిది. యాభై ఏళ్ల నుంచి అంతే. నాకు చదువు రాదని ఊళ్లో తెలిసినది దానికొక్కదానికే. డబ్బాల మీది పేర్లు, కరెంటు ఆఫీసు ఉత్తరాలు, అన్నీ అదే చదివి పెడుతుంది. ఎవరైనా చూస్తుంటే తన కోసం చదువుకుంటున్నట్టు గొణుగుతుంది.

కాకస్‌కి నన్ను తీసుకెళ్లేదీ అదే. నాకు నచ్చే ఎన్నిక అదొక్కటే. చీటీ లేదు, పేర్లు చదవక్కర్లేదు. స్కూల్లో అందరం చేరి, ఎవరికి మద్దతో వాళ్ల మూలకి నడిచి వెళ్లి నిలబడితే చాలు. తలలు లెక్కపెడతారు. ఊరంతా చూస్తుంది. నా కాళ్లకి చదువుతో పనిలేదు.

వ్లాస్టా ఈసారి క్విస్ట్ అనే ఆయన వైపు. ముసలాయన, స్కూలు మాస్టారుగా చేసి కాంగ్రెస్‌కి వెళ్లి, యుద్ధం వద్దని ఓటేసి, తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయి ఇంటికొచ్చినాయన.

"ఏమే, ఆ థార్న్‌బీ మనిషిని ఇంట్లోకి రానిచ్చావట?" అంది.

"చలికి చస్తుంటే రానివ్వనా?"

"ఆయన యుద్ధానికి చెయ్యెత్తాడే. ఎత్తిన ఆ చేత్తోనే రేపు నీ ఇంట్లో కాఫీ తాగుతాడు, చూస్తూ ఉండు."

"తాగనీ. కప్పు కడుక్కుంటాను."

"మా దగ్గర ఎనిమిదిమంది కావాలి ఆల్బీనా. ఎనిమిదిమంది లేకపోతే ఆ మూల లెక్కలోకే రాదు. నీతో కలిపి సరిగ్గా ఎనిమిది."

"మీ క్విస్ట్ గెలవడు."

"గెలవడని నాకు తెలీదా? మా మూల నిలిస్తే మా నుంచి ఒక్క మనిషి జిల్లా సభకి వెళ్తాడు. వెళ్లి, ఈ యుద్ధం చాలించండి అని అందరి ముందూ అంటాడు. ఆ ఒక్క మాట చాలు నాకు."

"జెర్రీ కోసమా?" అన్నాను. జెర్రీ దాని కొడుకు. వియత్నాంలో పోయాడు.

వ్లాస్టా ముద్ద పెడుతున్న చెంచా ఆపింది. "జెర్రీకి ఇప్పుడు ఏ సభతోనూ పని లేదే. నీ నోలన్ కోసం."

పిండి గట్టిగా పిసికాను. ఎక్కువ పిసికితే కోలాచ్ రాయిలా అవుతుంది. అయింది.

డిసెంబరు 14

పిలిచారు కదా అని వెళ్లి నిలబడటానికి నా కాళ్లు ఎవరి సొత్తూ కాదు.

డిసెంబరు 19, శుక్రవారం

నోలన్ ఫోన్ చేశాడు! గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"అమ్మమ్మా, కుక్క ఎలా ఉంది?"

"కుక్క సంగతి తర్వాత. నువ్వు తింటున్నావా?"

"ఇసుక తింటున్నా. మధ్యలో కొంచెం కూర తగులుతోంది." నవ్వాడు. దళంలో స్టోర్సు చూసే కుర్రాడు ట్రావిస్ బ్రౌవర్ అట, పక్క జిల్లా వెల్డెన్ వాడు. తుమ్మితే మూడు గుడారాల దాకా వినిపిస్తుందట. కొత్త టైరు కావాలంటే వాడి గడ్డం పట్టుకోవాలట. "నీ కోలాచ్‌లు పంపావా, టైర్లు వరసగా వస్తాయి" అన్నాడు.

రోడ్డు గురించి అడిగితే, "రోడ్డు రోడ్డులాగే ఉంది" అన్నాడు. చిన్నప్పుడు బడిలో ఎవరైనా కొడితే, ఎవర్రా అని అడిగితే ఇలాగే చెప్పేవాడు, "బడి బడిలాగే ఉంది" అని.

డిసెంబరు 22, సోమవారం

సెనేటర్ మా వంటింటికి వచ్చారు. ఆయనతో నలుగురు. ఇల్లంతా తడిబూట్లు. మనిషి పొడుగు, చెయ్యి కలిపితే అరచెయ్యి రొట్టెపిండిలా మెత్తగా ఉంది. కూర్చోమన్నాను. కాఫీ పోశాను. వ్లాస్టా అన్నట్టే కుడిచేత్తో తాగారు.

"అయ్యా, మీరు యుద్ధానికి చెయ్యెత్తారు. మా వాడు వెళ్లాడు. ఇప్పుడు వాణ్ని దించండి" అన్నాను.

"అమ్మా, ఆ రోజు మా ముందు పెట్టిన సమాచారాన్ని బట్టి..."

"సమాచారం వద్దయ్యా నాకు. ట్యాంకర్ దించుతారా, దించరా?"

పెయిజ్ ముఖం పాలిపోయింది. ఆయన మాత్రం కప్పు కింద పెట్టి, వాడి పేరు అడిగారు, దళం పేరు అడిగారు. నాకు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరన్నాను. "నేను మాటివ్వలేనమ్మా. కానీ మీకు ఒక్కడే దిక్కు. అది చెప్పదగిన కారణమే. మా ఆఫీసువాళ్లు కనుక్కుంటారు" అన్నారు. రెండు కోలాచ్‌లు తిన్నారు. రాయిలా ఉన్నవే. ఓపికున్న మనిషే.

అందరూ కార్లెక్కాక పెయిజ్ వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "సెనేటర్ గారికి జ్ఞాపకశక్తి ఎక్కువండీ. తనకి అండగా నిలబడినవాళ్లని మర్చిపోరు."

"నిలబడనివాళ్లని?"

"వాళ్లనీ మర్చిపోరు" అని నవ్వింది. నవ్వి, ఎందుకు నవ్వానా అన్నట్టు చూసింది.

ఎవరూ బేరం ఆడలేదు. ఇది స్పష్టంగా చెబుతున్నాను. ఆయన ఏమీ అడగలేదు, నేను ఏమీ ఇస్తాననలేదు.

డిసెంబరు 25

చర్చిలో వ్లాస్టా పక్కనే కూర్చున్నాను. సెనేటర్ సంగతి చెప్పలేదు. అది అడగలేదు.

జనవరి 3, శనివారం

క్విస్ట్‌ని కూడా చూడకుండా ఎలా తేలుస్తాను? వ్లాస్టాతో లైబ్రరీకి వెళ్లాను. పన్నెండు కుర్చీలు, తొమ్మిదిమంది జనం. ఆయన కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. మాట మాత్రం తిన్నగా ఉంది. నేను లేచి నిలబడి సెనేటర్‌ని అడిగిందే అడిగాను.

"ఒక్క మీ మనవణ్ని నేను దించలేనమ్మా. నాకా అధికారం లేదు. ఉన్నా చెయ్యను. అతని చోట ఇంకొకరి మనవణ్ని ఎక్కించాలి కదా. గెలిస్తే అందర్నీ తెస్తాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"ప్రమాణం చేసేదే వచ్చే జనవరిలో. ఆ తర్వాత ఇంకో ఏడాది పట్టొచ్చు."

"రెండేళ్లా? అప్పటికి మా వాడి దగ్గర తేవడానికి ఏం మిగులుతుంది?" అని అరిచాను. ఆయన తల వంచుకుని, "మీకు అబద్ధం చెప్పలేనమ్మా" అన్నాడు.

చెప్తే ఏం పోయింది? ఒక్క అబద్ధం చెప్పలేనివాడు దేశాన్ని ఏం ఏలుతాడు?

కారులో వ్లాస్టా, "నిజం చెప్పాడు కదే" అంది. "నిజం నేను పక్క దుప్పటి చేసుకుని కప్పుకోనా?" అన్నాను.

జనవరి 9, శుక్రవారం

వాడి బండికి ముందు వెళ్తున్న బండి తగలబడింది. ముందు బండి. ఫోన్‌లో నవ్వలేదు, కుక్క గురించి అడగలేదు. అందులో ఎవరున్నారో చెప్పలేదు. "చేతులు బాగానే ఉన్నాయి అమ్మమ్మా" అన్నాడు. చేతులకి ఏమయిందని నేను అడగనే లేదు.

జనవరి 12, సోమవారం

నేనే ఇనప సామాన్ల కొట్టు మెట్లెక్కి వెళ్లాను. పెయిజ్ పిజ్జా తింటూ ఫోన్లో ఉంది. నన్ను చూసి ఫోన్ పెట్టేసింది.

"ఏమయింది మా వాడి సంగతి?"

"వాషింగ్టన్‌లో చూస్తున్నారండీ. మంచి సూచనలే ఉన్నాయి. అయితే ఇప్పుడు అందరూ కాకస్ పనిలో ఉన్నారు కదా... పందొమ్మిది కానివ్వండి."

"పందొమ్మిదిన నేను ఎక్కడ నిలబడ్డానో వాళ్లకెలా తెలుస్తుంది?"

ఆ పిల్ల ముక్కు గోక్కుంది. "ఆ రోజు నేను మీ స్కూల్లోనే ఉంటానండీ" అంది. బూట్లు నోలన్‌వే వేసుకుంది ఇంకా.

జనవరి 18, ఆదివారం

క్విస్ట్ ఎలాగూ గెలవడు. గెలవనివాడి మూలన ఎనిమిదో మనిషి ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ఒకడు జిల్లా సభకి వెళ్లి ఒక మాట అంటాడు. అంటే? ఆ మాట బాగ్దాద్ దాకా వినిపిస్తుందా? మా వాడి బండి ముందు ఎవడైనా ఆగుతాడా ఆ మాట విని?

ఎవరికీ హాని చెయ్యడం లేదు నేను. ఒక మూలన నిలబడతాను, అంతే.

వ్లాస్టా ఫోన్ చేసింది. ఆరింటికి వస్తుందట నన్ను తీసుకెళ్లడానికి. సరే అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. అది అడిగితే చెప్పేదాన్నే.

జనవరి 19, సోమవారం

అయింది. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా చెబుతున్నాను, రేపైతే వేరేలా చెబుతానేమోనని.

స్కూలు భోజనాల హాలు. చిన్నపిల్లల బల్లలు గోడకి తోశారు. పశువుల డాక్టరుగా చేసిన మర్విన్ జెలినెక్ అధ్యక్షుడు. స్టూలెక్కి, దూడని బయటికి లాగేటప్పటి గొంతుతో, "ఎవరి మూలకి వాళ్లు పొండి! తోసుకోవద్దు! బెరానెక్, నీ భార్య అటు వెళ్తోంది, నువ్వెటు?" అని అరిచాడు. అందరూ నవ్వారు. బెరానెక్ భార్య వైపే వెళ్లాడు.

వ్లాస్టా నా మోచెయ్యి పట్టుకుని పాల ఫ్రిజ్ వైపు నడిచింది, అది క్విస్ట్ మూల. సగం దాకా నడిచాను. నడిచి ఆగాను. మోచెయ్యి విడిపించుకుని గడియారం కిందకి వెళ్లాను. అది థార్న్‌బీ మూల. పెయిజ్ గోడ దగ్గర నిలబడి ఉంది. బయటివాళ్లు గోడ దగ్గర్నుంచి కదలకూడదు. చూడొచ్చు.

తలలు లెక్కపెట్టారు. మా మూలన పందొమ్మిది. క్విస్ట్ మూలన ఏడు.

"పాల ఫ్రిజ్ దగ్గర చాల్లేదర్రా. ఎనిమిది కావాలి" అన్నాడు మర్విన్. "అరగంట టైము. ఎవరైనా ఎటైనా మారొచ్చు. మాట్లాడుకోండి, కొట్టుకోవద్దు."

వ్లాస్టా హాలు మధ్యలోంచి నడిచి నా దగ్గరికొచ్చింది. దాని మోకాలు బాగోదు, అంత దూరం నడవడానికి చాలాసేపు పట్టింది. అందరూ చూస్తున్నారు. మాట్లాడుకోమన్నాక ఎవరూ మాట్లాడుకోలేదు.

"ఆల్బీనా, ఇక్కడ పందొమ్మిదిమంది ఉన్నారు. నువ్వు లేకపోయినా వీళ్ల మూల నిలుస్తుంది. మా మూల నీ ఒక్కదాని మీద ఉంది."

"నేనిక్కడే ఉంటాను."

"నీ వాడి కోసమేనా?"

"ఇంకెవరి కోసం?"

"నేనూ వాడి కోసమే కదే అడుగుతున్నా."

"నువ్వు అందరి కోసం అడుగుతున్నావు" అన్నాను. "నాకు అందరూ వద్దు."

అది అన్నాక హాల్లో ఎవరో ఊపిరి పీల్చారు. నేను గోడ వైపు చూశాను. పెయిజ్ బూట్లు చూసుకుంటోంది. ఒక్కసారి తలెత్తి, అటు వెళ్లండి అన్నట్టు కళ్లతో అని ఉంటే వెళ్లేదాన్నా? ఏమో. తలెత్తలేదు.

వ్లాస్టా వెనక్కి వెళ్లింది. దాని మూలవాళ్లు ఒక్కరొక్కరే నన్ను చూశారు. కాన్పుకి మంత్రసానిగా వాళ్లింటికి వెళ్లి నేను చేతుల్లోకి అందుకున్న పిల్లే ఒకతె ఉంది అందులో. అరగంట గడిచింది. "పాల ఫ్రిజ్ మూల చెల్లదు. ఎవరికిష్టమైన చోటికి వాళ్లు మారండి" అన్నాడు మర్విన్, ఈసారి అరవకుండా. ఆరుగురు తలా ఒక దిక్కుకి చెదిరారు. వ్లాస్టా ఎటూ వెళ్లలేదు. కోటు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని, బయటికి వెళ్లిపోయింది. కారు శబ్దం వినిపించింది.

నన్ను మర్విన్ దింపాడు. దారంతా ఆవుల గురించి మాట్లాడాడు పాపం.

పాదాలు ఇంకా వేడెక్కలేదు.

జనవరి 20

నాలుగో స్థానం. రాష్ట్రం మొత్తంలో మా సెనేటర్‌ది నాలుగో స్థానం.

జనవరి 23, శుక్రవారం

ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. కొట్టు మీది గదికి వెళ్లాను. కుర్చీలు మడిచేశారు, గోడలకి మేకులు తప్ప ఏమీ లేవు. పెయిజ్ అట్టపెట్టెలు కడుతోంది. ఏడ్చినట్టుంది. నేను ఓదార్చలేదు.

"మా వాడి సంగతి?"

"ఆయన ఇప్పటికీ సెనేటరేనండీ. నేను మాత్రం గట్టిగా చెప్పాను. ఒట్టేసి చెబుతున్నాను." సెనేటర్ ఆఫీసుల నంబర్లున్న కార్డు ఒకటి చేతిలో పెట్టింది. నోలన్ బూట్లు తిరిగి ఇవ్వబోయింది. ఉంచుకోమన్నాను. ఏ మూలకి పోతుందో, అక్కడా మంచే ఉంటుంది.

వ్లాస్టాకి రెండుసార్లు ఫోన్ చేశాను. మోగుతోంది.

జనవరి 28

బజార్లో సూప్ డబ్బా కొన్నాను. పుట్టగొడుగులదనుకుని తెస్తే చేపలది. కుక్కకి పెట్టాను.

ఫిబ్రవరి 2, సోమవారం

దించారు! దించారు. బండి దించారు.

వాడే ఫోన్ చేశాడు. స్టోర్సులో వేశారట. కంచె లోపల, ఇసుక బస్తాల వెనక, రేకుల షెడ్డు. టైర్లు, నూనె డబ్బాలు. బయటికి పోనక్కర్లేదు. ఫోన్ పట్టుకునే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

వాడి గొంతులో మాత్రం సంతోషం లేదు. "పైనుంచి ఆర్డరొచ్చిందట అమ్మమ్మా. మా కెప్టెన్ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నువ్వెవరినైనా అడిగావా?"

"నేనెవర్ని అడుగుతానురా? నాకెవరు తెలుసు?"

"నిజంగా?"

"నిజంగానే."

"నా బండి ట్రావిస్‌కి ఇచ్చారు" అన్నాడు. "వాడికి పెద్ద బండి అలవాటు లేదు. రెండు రోజులు నేర్పాను. మలుపులో బ్రేకు గట్టిగా తొక్కుతాడు."

"నేర్చుకుంటాడులే" అన్నాను.

ఫిబ్రవరి 3

తొమ్మిది గంటలదాకా నిద్రపోయాను. ఎన్నాళ్లయిందో. ఇంట్లో ఎవరూ లేకపోయినా గట్టిగా పాడాను. చూశావా వ్లాస్టా, నిలబడితే జరిగింది. ఎవరికీ హాని చెయ్యలేదు నేను.

ఫిబ్రవరి 5

రేడియో మానేద్దామనుకున్నాను, ఇక అవసరం లేదు కదా. మానలేదు. ట్యాంకర్ అన్న మాట వస్తే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతోంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

ట్యాంకర్. మా రాష్ట్రపు దళమేనట. పేరు చెప్పలేదు. ఇంటివాళ్లకి తెలిపాక చెబుతారట. మా ఇంటికి ఎవరూ రాలేదు. రారు. నాకు తెలుసు రారని. అయినా కిటికీ దగ్గరే కూర్చున్నాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

ట్రావిస్ బ్రౌవర్. వెల్డెన్. ఇరవై నాలుగేళ్లు.

ఫిబ్రవరి 18, బుధవారం

పొద్దున తొమ్మిదింటికి వ్లాస్టా కారు మా ఇంటి ముందు ఆగింది. హారన్ కొట్టలేదు. నేను నల్లకోటు వేసుకునే ఉన్నాను, ఎలా వెళ్లాలో తెలియక. కారు తలుపు తీసి, "ఎక్కు" అంది. ఇలాంటి ప్రతి అంత్యక్రియకీ వెళ్తుంది అది, జెర్రీ పోయిన దగ్గర్నుంచి.

వెల్డెన్ చర్చి నిండిపోయింది. పెట్టె మూసే ఉంది. కింద హాల్లో భోజనాల దగ్గర వాళ్లమ్మ ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని మాట్లాడుతోంది. పెద్ద మనిషి, గట్టి చేతులు. వ్లాస్టా నన్ను ముందుకి తీసుకెళ్లి నా పేరు చెప్పింది.

"నోలన్ అమ్మమ్మగారా!" అని వాళ్లమ్మ నన్ను కావిలించుకుంది. "మావాడు ప్రతి ఉత్తరంలో రాసేవాడండీ. మీ కోలాచ్‌ల కోసం టైర్లు దాచిపెట్టేవాడట."

"మీ నోలన్ నడిపిన ట్యాంకర్ మీద వేశారని తెలిసి మేమూ ఎవరినైనా అడుగుదామనుకున్నాం" అందావిడ. "సెనేటర్ థార్న్‌బీ మనుషులు మా ఇంటికీ వచ్చి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లారు లెండి. ఆయన మూలనే నిలబడ్డాం కూడా, నేనూ మా ఆయనా. మావాడే వద్దన్నాడు. అమ్మా, నేను దిగితే ఇంకెవడో ఎక్కాలి కదా అన్నాడు. తిట్టాను వాణ్ని. అదే ఆఖరి ఫోన్."

ఆవిడ ఇంకా నా చేతులు వదల్లేదు. "మీవాడు క్షేమమే కదా?" అంది.

"క్షేమమే" అన్నాను.

"పోన్లెండి. ఒక్కడైనా."

తిరిగొచ్చేటప్పుడు వ్లాస్టా నలభై మైళ్లూ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అదీ పక్కనే నిలబడి అంతా విన్నది. మా గుమ్మం ముందు ఆపి, ఇంజను ఆపలేదు. నేను దిగాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

నోలన్ ఫోన్.

"అమ్మమ్మా, ఈసారి నిజం చెప్పు."

చెప్పాను. సెనేటర్, వంటింట్లో కాఫీ, స్కూలు హాలు, గడియారం కింద మూల, అన్నీ చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరవడానికి సిద్ధంగా ఉన్నాను, నీకేం తెలుసురా, ఇక్కడ పొయ్యి దగ్గర నిలబడి చూడు తెలుస్తుంది అని. వాడు అరవలేదు.

"ట్రావిస్ సామాన్లు నేనే సర్దాను" అన్నాడు. "నేను మా కెప్టెన్‌ని అడిగాను. నా బండి నాకిమ్మని. ఇచ్చారు. గురువారం నుంచి ఎక్కుతున్నా."

"ఒరే..."

"ఇంకెవరినీ అడగకు అమ్మమ్మా. మాటివ్వు."

ఇచ్చాను.

"సరే" అన్నాడు. పెట్టేశాడు. కుక్క గురించి నేనే చెప్పాల్సింది.

ఫిబ్రవరి 23, సోమవారం

ఆఫీసులు తెరిచే వేళకి వ్లాస్టా ఇంటికి నడిచి వెళ్లాను. తలుపు తీసింది. పొమ్మనలేదు, రమ్మనలేదు. పెయిజ్ ఇచ్చిన కార్డు బల్లమీద పెట్టాను. మూడు నంబర్లున్నాయి దానిమీద, ఏది ఏ ఊరిదో నాకు తెలియదు.

"వాషింగ్టన్‌ది ఏదో చూసిపెట్టు" అన్నాను.

వ్లాస్టా అద్దాలు పెట్టుకుంది. కార్డుని చాలాసేపు చూసింది, అంత చదవాల్సింది దానిమీద లేదు.

"నోలన్ మళ్లీ ఎక్కుతున్నాడా?"

"గురువారం."

"వద్దనలేదా నిన్ను?"

"అన్నాడు. మాట కూడా తీసుకున్నాడు."

"మరి?"

"మరి ఏమిటి? గురువారం ఎక్కుతున్నాడు, చెప్పాను కదా."

అద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఈసారి ఆ బండి ఎవరికిస్తారే?"

"నాకు పేరు తెలియదు" అన్నాను.

"తెలిస్తే?"

"తెలియదన్నాను కదే."

నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఫోన్ దగ్గరికి లాక్కుని, కార్డు చూస్తూ నంబరు తనే నొక్కింది. రిసీవర్ నా చేతిలో పెట్టి, కోటు లేకుండా ఆ చలిలో వసారాలోకి వెళ్లి నాకు వీపు పెట్టి నిలబడింది.

అవతల ఎవరో ఆడపిల్ల ఎత్తి, ఏం కావాలని అడిగింది. మా వాడి పేరు చెప్పాను.